హార్బరు దాటని సిగ్నల్

ఏళ్ళుగా ఇది గొంతులో ముల్లులా ఉండిపోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. నా పేరు మాత్రం రాయను, ఏమీ అనుకోకండి.

మాది అండమాన్. నాది బాంబూఫ్లాట్. సత్యం భయ్యాది హార్బరుకి అవతలి గట్టు, పోర్ట్ బ్లెయిర్. ఇద్దరం హామ్ రేడియో వాళ్ళం, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియోలు నడిపేవాళ్ళం. పాత వైఫై రూటర్లు విప్పి, ఇనప కడ్డీల జాలీ డిష్‌లకి తగిలించి, హార్బరు మీదుగా మైక్రోవేవ్‌లో మా సొంత నెట్‌వర్కు నిలబెట్టాం. తుఫానొచ్చి ఫోన్లు పోయినా కబురు ఆగకూడదని ఆయన పట్టుదల. కొండకొండకీ ఒక డిష్ పెట్టుకుంటూ ఉత్తరాన ఎక్కడో ఉన్న మాయాబందర్ దాకా పోవాలనేవాడు.

ఒకరోజు పెద్ద హోదాలో ఉన్నవాళ్ళెవరో మా లింకు చూడ్డానికి ఆయనింటికి వచ్చారు. ఇటు నుంచి నేను వీడియో పంపుతున్నాను. అటు మైకు ఆన్‌లోనే ఉంది. అవతల ఎవరున్నారని వాళ్ళు అడిగారు. "మేరా హెల్పర్ హై," అన్నాడు భయ్యా.

హెల్పరట! ఎండలో మాడి రెండు డిష్‌లకీ ఎదురెదురుగా గురి కుదిర్చింది నేను. నేను కట్టిన లింకు మీదే ఆ మాట నా చెవిన పడింది. ఒళ్ళు మండిపోయింది. మొహం మీదే అడిగేసి ఉంటే పోయేది కదా? ఎందుకు అడగలేదు? అడిగితే నవ్వేస్తాడని, ఆ నవ్వుకి నేను కరిగిపోతానని, అంత తేలిగ్గా కరిగిపోవడం నాకే ఇష్టం లేకపోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

వాళ్ళు వెళ్ళాక మా మేడెక్కాను. గురి కదపకుండా, డిష్‌ని ఉన్నచోటే పావు చుట్టు తిప్పి, నిలువుగా ఉన్న దాని కడ్డీలు అడ్డంగా వచ్చేలా బిగించేశాను. అలా తిప్పితే నిలువుగా వచ్చే సిగ్నల్‌ని అది పట్టుకోదు. చూడ్డానికి మాత్రం తిన్నగా అటే చూస్తుంటుంది.

సాయంత్రం వాకీటాకీలో పిలిచాడు.

"తమ్ముడూ, లింకు పోయింది. నీ వైపు ఏటైనా కదిలిందా?"

"లేదు భయ్యా. గురి సరిగ్గానే ఉంది. ఇటు అంతా బాగానే ఉంది."

మా హామ్ వాళ్ళలో ఒక మర్యాద ఉంది. ఇంకేం దాచినా, సిగ్నల్ ఎలా ఉందో చెప్పే రిపోర్టులో మాత్రం ఎవరూ అబద్ధం చెప్పరు. అందుకే ఆయన ఒక్కసారి కూడా ఇటొచ్చి చూడలేదు. తన వైపే విప్పాడు, మార్చాడు, మళ్ళీ విప్పాడు. చివరికి వదిలేశాడు. ఇప్పుడు ఆ జాలీ డిష్ మీద వదిన చేపలు ఎండబెడుతోంది. నన్ను భోజనానికి పిలిచి అవే వడ్డిస్తుంది. తింటాను.

సిగ్గుగా ఉంటుంది. కానీ ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ముందు నమ్మకం చెడగొట్టింది ఆయనే కదా? దానికి ఇది సరిపోతుందా? నాకు తెలీదు.

మొన్న జెట్టీ దగ్గర, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు కొందరు హార్బరు మీద లింకు వేస్తామని ఆయన్ని సలహా అడిగారు. "వద్దు. నీళ్ళ మీద ఈ బ్యాండులో సిగ్నల్ నిలవదు. మేం చేసి చూశాం," అన్నాడు, నా భుజమ్మీద చెయ్యేసి. వాళ్ళు నా వైపు చూశారు. నేను తలూపాను.

నిలుస్తుంది. డిష్ తిప్పింది నేను.