నేను చూడని నా నిద్ర

నా నిద్ర సంగతి నాకంటే ముందు ఊరికి తెలుసు. గోడకు అవతల పడుకునే మా వదినకు తెలుసు. ఎండాకాలం మిద్దెల మీద పడుకునే ఇరుగుపొరుగుకు తెలుసు. మిరపకాయల కోతకు పోయినప్పుడు మధ్యాహ్నం వేపచెట్టు నీడన నా పక్కన ఒరిగే ఆడవాళ్ళకూ తెలుసు.

"ఎనుము మాదిరి గురక పెడతావు గదమ్మే" అనేది ఒకామె.

"ఎనుమే నయం. ఈమె మధ్యలో ఆపుతాది. సచ్చిందేమో అని మనం సూసేలోపల మళ్ళా ఎగిరి లేస్తాది" అని ఇంకొకామె నవ్వించేది.

నేనూ వాళ్ళతో పాటు నవ్వేదాన్ని. నా రోగమంతా ఆ ఎగతాళిలోనే ఉందని నవ్వినవాళ్ళకు తెలియదు, నాకూ తెలియదు.

మాది పుల్లలచెరువు దాటి నల్లమల వైపు పోతే వచ్చే ఊరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాకు ఫిట్స్ మొదలయ్యాయి. ఎక్కువగా నిద్రలోనే వచ్చేవి. తెల్లారి లేస్తే నాలుక కరుచుకుని ఉండేది, పక్క తడిసి ఉండేది, ఒళ్ళంతా ఎవరో మోది పోయినట్టు ఉండేది. గుంటూరులో నరాల డాక్టరు రాసిన మాత్రలు ఏనాడూ మానలేదు. ఫిట్స్ పిల్లని ఎవరూ చేసుకోలేదు. నేను దానికి ఏడ్చింది తక్కువ, ఎందుకంటే ప్రభువు నాకు వేరే పని ఇచ్చాడు. ఆడవాళ్ళకు పెట్టే బైబిల్ శిక్షణకు వెళ్ళి వచ్చాను. అప్పటినుంచి మా చర్చిలో సండే స్కూలు నాదే. ఊరు నన్ను "ఫిట్సామె" అంటుంది. ఆ పిల్లలు మాత్రం "టీచరక్కా" అనేవాళ్ళు. లోకంలో నన్ను నిలబెట్టి మాట్లాడనిచ్చిన చోటు అదొక్కటే.

ఆ చోటు పోవడం ఇలా మొదలైంది.

చాలా ఏళ్ళు మాత్రలకు లొంగిన ఫిట్స్ మళ్ళీ వచ్చాయి. దాంతోపాటు పగటి నిద్ర వచ్చింది. ఒళ్ళు పెరిగింది. ఎంత పడుకున్నా పడుకున్నట్టు ఉండేది కాదు. లేవగానే తలనొప్పి. పిల్లలకు వచనం చెప్పిస్తూ చెప్పిస్తూ వాళ్ళ ముందే కళ్ళు మూసుకుపోయేవి. ప్రసంగం మొదలైతే ఇక సరేసరి. మా చర్చిలో కునికేవాళ్ళను లేపే పని సంఘ పెద్దది. బూజు దులిపే పొడుగు కర్ర ఆయన చేతిలో ఉంటుంది. గోడ పక్కన నిలబడి ఆడవాళ్ళ వైపైనా మగవాళ్ళ వైపైనా కర్ర చాచి భుజం మీద తాటిస్తాడు. మామూలుగా అది ముసలివాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు తగిలే కర్ర. ఆ ఏడాది అంతా నాకే తగిలింది.

ఒక ఆదివారం భుజానికి బదులు చెంపకు తగిలింది. ఉలిక్కిపడి "ఆమేన్" అన్నాను. సంఘమంతా గొల్లున నవ్వింది.

"ఏం మే, రాత్రంతా ఎవురి చేను కాపలా కాసినావు?" అన్నాడు పెద్ద.

వేదిక మీద అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నవ్వు ఆపుకుంటూ బైబిల్ పేజీ తిప్పారు.

కూడిక అయ్యాక చెప్పుల దగ్గర సంఘ పెద్దాయన భార్య నన్ను ఆపింది. "మూడు పూటలా కుమ్మితే నిద్ర గాక ఏమొస్తాదమ్మా? మా కోడలు సూడు, పుల్ల మాదిరి ఉండాది, ఒక్క పొద్దన్నా కునికిందా? పిల్లోళ్ళకి సెప్పేదానికి అట్లాటోళ్ళు గావాల."

వాళ్ళ కోడలు డిగ్రీ చదివి వచ్చింది. సండే స్కూలు మీద వాళ్ళ కన్ను పడిందని ఆ మాటతో అర్థమైంది.

నేను లేఖనాల్లో నిద్రపోయినవాళ్ళను వెతుక్కున్నాను. అలసిపోయి పొద కింద చావు కోరుకున్న ప్రవక్తను దేవదూత తిట్టలేదు. రొట్టె పెట్టి మళ్ళీ పడుకోనిచ్చాడు. ప్రసంగం వింటూ కిటికీలోంచి పడిపోయిన యువకుణ్ణి అపొస్తలుడు కౌగిలించుకున్నాడు. తుఫానులో పడవ మునుగుతుంటే మన ప్రభువే తలగడ మీద పడుకున్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. అయితే మా పెద్ద లేచి చదివినప్పుడల్లా చదివింది వేరే భాగం. దయ్యం పట్టి నిప్పులోనూ నీళ్ళలోనూ పడే కుర్రవాడి సంగతి. చదువుతూ మధ్యమధ్య నా వైపు చూసేవాడు.

చివరికి అయ్యగారు తీర్పు చెప్పారు. "ఇది నిద్రాత్మ. శుక్రవారం ఉపవాస ప్రార్థన వీళ్ళింట్లోనే పెడదాం. వదిలితే క్లాసు నీదేనమ్మా. వదలకపోతే పిల్లల ఆత్మలకు నేను లెక్క చెప్పుకోవాల గదా."

నేను సరేనన్నాను. ప్రార్థన మీద నాకు అనుమానం ఎన్నడూ లేదు. ఇప్పటికీ లేదు.

శుక్రవారం పొద్దున చాపలు పరిచాము. ఆడవాళ్ళు నిండా వచ్చారు. పాటలు పాడాము. ఎండ నడినెత్తికి వచ్చేసరికి, ఖాళీ కడుపుతో, మోకాళ్ళ మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చాప మీదికి ఒరిగి నిద్రపోయాను. ఆ తర్వాత జరిగింది నాకు తెలియదు. మెలకువ వచ్చేసరికి నాలుక తెగి ఉంది, చీర తడిసి ఉంది, అందరూ వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే నా పక్కన కూర్చుని కొంగుతో నా మూతి తుడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఆత్మ పోయిందంట" అంది అమ్మ.

వదిన ఫోనులో వీడియో తీసింది. సాయంత్రానికి అది సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది, పైన చేతులు జోడించిన బొమ్మలతో. పొద్దుపోకముందే గిద్దలూరులోని మా పిన్నమ్మ ఫోను చేసింది. "నీ వీడియో సూసినాం పాపా. మా గ్రూపులో కూడా పెట్టినారు. మీ పెద్దలకి ఎంత వరం ఇచ్చినాడో దేవుడు!"

"పదిమందికి సాక్ష్యమని పెట్టినా. తప్పేముంది?" అంది వదిన. నా తడిసిన చీర కూడా సాక్ష్యమేనా అని అడిగితే, "అదెవురు సూస్తారు లే" అంది.

నా నిద్రను నేను చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని వెల్లకిలా పడి ఉన్నాను. గురక పాటకంటే గట్టిగా ఉంది. పెద్ద నా తల మీద చెయ్యి పెట్టాడు. "నిద్రాత్మా, వదులు!" అని అరిచాడు. ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఒక్కసారిగా గురక ఆగింది. "స్తోత్రం! స్తోత్రం!" అని చప్పట్లు. అంతలో నేను ఎక్కిళ్ళు పెట్టినట్టు గాలి పీల్చి మళ్ళీ గురక మొదలుపెట్టాను. "మళ్ళా వచ్చింది సూడు, గట్టిగా జెయ్యండి" అంటున్నాడు పెద్ద. మళ్ళీ ఆగింది. మళ్ళీ స్తోత్రం. చాలాసేపు అలాగే సాగింది. ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. అమ్మ చేతులు వచ్చి నన్ను పక్కకు తిప్పబోయాయి. "తాకబాకమ్మా, అది పోయేటప్పుడు అట్లనే విదిలిస్తాది" అని ఎవరో వాటిని తోసేశారు. నేను కదలకుండా పడిపోయాక అందరూ నిలబడి పాట ఎత్తుకున్నారు.

ఆ ఆదివారం మళ్ళీ కునికాను, క్లాసు నాకు ఇవ్వలేదు. మరుసటి వారం మాత్రలకు గుంటూరు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. మార్కాపురం రోడ్డు స్టేషనులో అమ్మా నేనూ రైలెక్కాము. ఫిట్స్ మళ్ళీ ఎందుకు వస్తున్నాయని డాక్టరు అడుగుతూ, "నిద్ర ఎట్లా ఉంటుంది? గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?" అన్నారు. అమ్మ తల దించుకుంది. నేను ఫోను తీసి ఇచ్చాను.

ఆయన ఒకసారి చూసి, వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. మొదట నవ్వబోయారు, ఆ తర్వాత నవ్వలేదు. తెర మీద నా పొట్ట వైపు వేలు చూపించారు. పొట్ట ఎగిసి పడుతోంది, కానీ నోట్లోంచి గాలి రావడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

"వీళ్ళు స్తోత్రం చెప్పిన చోటల్లా మీకు ఊపిరి ఆడటం లేదమ్మా" అన్నారు.

అమ్మ ఫోను తీసుకుని బోర్లా పెట్టింది.

ఆయన విడమరిచి చెప్పారు. నిద్రలో గొంతు మూసుకుపోతుంది. ఊపిరి అందక మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. అది నాకు తెలియదు కానీ రాత్రంతా అదే పని. నిద్ర అలా తునకలైతే ఫిట్స్ రెచ్చిపోతాయి. నిద్రలో ఫిట్స్ వస్తే ఆ కాస్త నిద్రా చెడుతుంది. ఫిట్స్ ఉన్న చాలామందిలో ఇది ఉంటుందట. మాత్రల మత్తు అనుకుని ఎవరూ అడగరట. ఆసుపత్రిలో ఒళ్ళంతా వైర్లు తగిలించి నిద్రకు పరీక్ష చేశారు. ఆయన చెప్పిందే తేలింది. ముక్కుకు తొడుగు పెట్టి గొట్టంలోంచి గాలి పంపే మిషను రాశారు. అన్న గొణుక్కుంటూనే తెచ్చిపెట్టాడు.

మొదట్లో దానితో కుస్తీ పట్టాను. తర్వాత ఒక తెల్లవారుజామున లేచి కూర్చుని, తల నొప్పి లేదని గమనించి, చాలాసేపు ఏడ్చి ప్రభువుకు స్తోత్రం చెప్పాను. ఫిట్స్ పూర్తిగా పోలేదు, కానీ బాగా తగ్గాయి. ఆదివారం ప్రసంగం మొదటినుంచి చివరిదాకా విన్నాను.

అది అందరూ చూశారు. అయ్యగారు ఇంటికి వచ్చారు, వెంట పెద్ద.

"వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమ్మా. క్లాసు మళ్ళా నీదే" అన్నారు అయ్యగారు.

"మిషను మాట ఎత్తబాక" అన్నాడు పెద్ద. "ప్రార్థనతో పోయింది అను, సాలు. మిషను గిషను అంటే ఇస్వాసం లేనోళ్ళు నవ్వుతారు."

వాళ్ళు పోయాక వదిన అంది, "ఆ ఒక్క ముక్క మింగితే నీ సొమ్మేం బోయింది? క్లాసు గావాలని నువ్వే గదా ఏడిసింది."

కావాలి. వారమంతా దాని గురించే ఆలోచించాను. కానీ సాక్ష్యమంటే దేవుని ఎదుట నిలబడి చెప్పే మాట. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని ఆ పిల్లలకు నేర్పింది నేనే.

ఆదివారం వేదిక ఎక్కాను. ప్రభువే నన్ను ఆ డాక్టరు దగ్గరికి నడిపించాడని చెప్పాను. మిషను సంగతి చెప్పాను. వీడియో చూసి డాక్టరు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరికైనా నిద్రలో గురక మధ్యలో ఆగితే స్తోత్రం చెప్పకండి, డాక్టరుకు చూపించండి అన్నాను.

పెద్ద లేచాడు. "అంటే మేమంతా కలిసి నిన్ను సంపబోయినామంటావా?"

"తెలియక చేసినారు పెద్దయ్యా" అన్నాను.

"దిగు" అన్నాడు.

అయ్యగారు పాట సంఖ్య చెప్పారు. నేను దిగాను. మరుసటి ఆదివారం పిల్లల ముందు సంఘ పెద్దాయన కోడలు నిలబడింది. వారం తిరక్కముందే పిల్లలకు కొత్త ఆట వచ్చింది. ఒకరు వెల్లకిలా పడుకుని ముక్కుకు బొప్పాయి ఆకు కాడ గొట్టంలా పెట్టుకుంటారు, మిగతావాళ్ళు చుట్టూ చేరి "వదులు! వదులు!" అంటారు. నేను దాటిపోతుంటే కూడా ఆపలేదు. "గొట్టమక్కా" అని పిలిచింది, నేను చేయి పట్టి అక్షరాలు దిద్దించిన పిల్లే.

వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న ఒక శుక్రవారం వెలిగండ్ల వైపు నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకుని ఆటోలో దిగింది. పిల్లకు ఫిట్స్. నన్ను చూడగానే గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వే గదా! నీకు బాగైనట్టే మా పిల్లకీ కావాలని వచ్చినాం."

చర్చి గుమ్మంలోనే ఆమెకు అంతా చెప్పాను. డాక్టరు గురించి, పరీక్ష గురించి, మాత్రలు ఆపవద్దని, ప్రార్థన చేయించుకుని గుంటూరు కూడా పోండని. పిల్ల నా వైపే చూస్తోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. "నిద్రలో గురక పెడతాదా?" అని అడిగాను. తల్లి జవాబు చెప్పేలోపల పెద్ద వచ్చాడు.

"ఆమె మాటలు ఇనబాకమ్మా. ఫిట్స్ మనిషి, తల సరిగా పనిజెయ్యదు. దేవుడు మేలు జేస్తే డాక్టరు జేసినాడంటాది."

ఆ తల్లి నా చేతులు వదిలేసింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీకు తగ్గింది గదక్కా" అంది. "మా బిడ్డకి తగ్గితే నీకేం నొప్పి?"

పిల్లను ముందు నడిపించుకుంటూ లోపలికి పోయింది. పెద్ద నా ముఖం మీదే తలుపు దగ్గరికి వేశాడు. లోపల పాట ఎత్తుకున్నారు. నాకు అన్ని చరణాలూ వచ్చిన పాటే.