వ్యాసపీఠం మీద లినక్సు

గుడి కమిటీ పెద్దమనిషి ఆ మాట మా పెదనాన్న మొహం మీదే అన్నాడు. "మీకు చూపు ఆనుతలేదు గద పంతులూ. మలక్‌పేట నుంచి వచ్చే నెల ఇంకొకాయన్ను పిలుస్తం. మీరు కూసొని వినుండ్రి."

శాలిబండలోని ఆ చిన్న గుడిలో ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం పురాణం చదువుతున్న మనిషితో అన్న మాట అది. పెదనాన్న నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు.

మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. తెరను వేలితో ముట్టుకుంటే పనిచేసే రకం. తెరను పూర్తిగా వెనక్కి మడిస్తే పలకలా అవుతుంది. పురాణం పేజీలను ఫోటోలు తీసి అందులో పెడితే అక్షరాలను కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. కాని అది తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. పాత కంప్యూటర్లనూ చురుగ్గా నడిపే లినక్సు ఎక్కించమని రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణందారు మూత కూడా తెరవలేదు. "లినక్స్‌తో టచ్ మస్తు లొల్లి పెడ్తది అన్నా. పాత సామాన్ల కబాడీకి ఇచ్చెయ్!" ఆ మాటనూ మనసులో రాసి పెట్టుకున్నాను.

నేనే ఎక్కించాను. వేలితో జరిపితే బాణం గుర్తు కదిలేది, పేజీ కదిలేది కాదు. మడిచి ఒళ్లో పెట్టుకుంటే అడుగున కీబోర్డు నొక్కుకుపోయి పురాణం మూసుకుపోయేది. మూడు వారాలు ఆఫీసు నుంచి రాగానే దాని ముందే కూర్చున్నాను. చివరికి మడవగానే కీబోర్డు ఆగిపోయింది, రెండు వేళ్లతో లాగితే అక్షరాలు పెద్దవయ్యాయి. పెదనాన్న దాన్ని మంచం మీద పెట్టుకుని ఒక అధ్యాయం చదివి, "మస్తుగున్నదిరా" అన్నారు.

ఒక్కటి మరిచాను. గుడిలో పుస్తకం పెట్టేది ఏటవాలు వ్యాసపీఠం మీద. అది గుడి దాటి రాదు కాబట్టి నేను పరీక్షించింది మంచం మీదే.

శనివారం పెదనాన్న ల్యాప్‌టాప్‌ను వ్యాసపీఠం మీద ఆనించారు. అది వాలగానే, వాలును బట్టి పేజీని తిప్పే సెన్సరు పొరబడి, తెర మీది పేజీ మొత్తం తలకిందులైంది. ముందు వరుసలో కమిటీ పెద్దమనిషి. సరిచేద్దామని లేవబోయాను. పెదనాన్న చెయ్యెత్తి ఆపి, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టారు. పేజీ తిప్పడానికి రెండుసార్లు తడుముకున్నారు, అంతే. అధ్యాయం చివరిదాకా ఒక్క మాట తప్పు పోలేదు.

అయిపోయాక దగ్గరికి పరుగెత్తాను. "ఎట్ల చదివినవ్ పెదనాన్నా?"

"మాకు ఒక్కటే పుస్తకం ఉండేనురా. మా నాయన దిక్కు సీదా ఉండేది. నేను ఎదురుంగ కూసొని చదివేటోన్ని. తలకిందులనే నేర్చిన. నాకు కావాల్సింది అక్షరం పెద్దగుండుడు, గది నువ్వు చేసినవ్."

అంతలో పెద్దమనిషి తీర్థానికి వచ్చాడు. తప్పయిందని అనలేదు. "వచ్చే శనివారం ఏ అధ్యాయం పంతులూ?" అని మాత్రం అడిగాడు.

"వీన్ని అడుగుండ్రి. ఎక్కించేది వీడు."

నేను తొందరపడలేదు. ఆయన నా వైపు తిరిగేదాకా ఆగాను. "మొత్తం పుస్తకం ఎక్కించిన సార్. మీ మలక్‌పేట ఆయన్ను ఇంక తకలీఫ్ పెట్టకుండ్రి."

"నోర్ముయ్, చెయ్యి పట్టు," అని పెదనాన్న ముందు ఆయనకు, తర్వాత నాకు తీర్థం పోశారు.