దొరసాని పాటలో మా వదిన ఊపిరి

"మీ వదిన పోయిందిరా" అని అన్న ఫోన్ చేసినప్పుడు నేను అనంతపురంలో, షాపులో, ఎవరిదో కంప్యూటర్ విప్పి కూర్చున్నాను. పొద్దున పొయ్యి మీద నీళ్లు పెట్టిందట. అవి కాగేలోపు వంటింటి గోడకు ఆనుకొని కూర్చుందట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

మూడో నాడు కొత్తచెరువు బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. మా ఊరి భజన కమిటీ వాళ్లు కట్టించిందే. వదిన పెళ్లినాటి ఫోటో, కింద పెద్ద అక్షరాలతో 'ఒకప్పటి భజన గాయనికి కన్నీటి నివాళి' అని. ఒకప్పటి అట. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్న మొన్నటి దాకా పాడిన మనిషిని పట్టుకొని ఒకప్పటి అంటారా? చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఈ నాలుగు మాటలూ నేను కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామంటే ఇది చల్లారేటట్టు లేదు.

వదిన మా ఇంటికి వచ్చినప్పుడు నాకు మీసం కూడా సరిగా రాలేదు. శనివారం భజనలో ఆమె పల్లవి ఎత్తుకుంటే మైకు లేకుండానే వీధి చివర మా పెద్దమ్మ ఇంటిదాకా వినిపించేది. మగవాళ్లు కూడా ఆమె ఎత్తుకునేదాకా తాళాలు పట్టుకొని ఎదురుచూసేవాళ్లు. ఆ తరువాత గొంతు కింద గడ్డ లేచింది. బెంగుళూరులో ఆపరేషన్ చేశారు. ప్రాణం మిగిలింది గానీ గొంతు నరం దెబ్బతిన్నది. అప్పటి నుంచి ఆమెది మాట కాదు, గుసగుస. పక్క గదిలో ఉంటే ఆమె పిలిచేది వినపడేది కాదు. అన్నను పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేది.

అప్పుడు భజన కమిటీ పెద్దాయన పరామర్శకు వచ్చి ఏమన్నాడో నాకు బాగా గుర్తుంది. "ఇంగ నువ్వు పాడొద్దులే తల్లీ. తాళం కొట్టుకుంటా ఓ పక్కన కూర్చో, సాలు" అన్నాడు. మంచి మాటే చెప్పాననుకొని కాఫీ తాగి పోయాడు. వదిన రెండు శనివారాలు పోయి తాళం కొట్టింది. మూడో శనివారం ఇంట్లోనే ఉండిపోయింది. పోవా అని అడిగితే, "తాళం కొట్టేదానికి నేనెందుకప్పా" అంది.

కంప్యూటర్ నేను తెచ్చి పెట్టినదే. షాపులో మిగిలిన సామాను కూర్చి ఒకటి తయారుచేసి, ఇంట్లో ఖాళీ లేక వేరుశనగ విత్తనకాయ మూటలు పెట్టే గదిలో బల్ల వేసి పెట్టాను. మూడు గోడలకూ కప్పు దాకా మూటలు. ఆ గదిలో చప్పట్లు కొడితే శబ్దం అక్కడికక్కడే చచ్చిపోతుంది. బెంగుళూరు స్టూడియోల వాళ్లు లక్షలు పోసి గోడలకు మెత్తలు కొట్టించుకునేది ఇందుకే. మా ఇంట్లో అది ఊరికే వచ్చింది. కాకపోతే విత్తనం పడగానే మూటలు పోతాయి, గది గణగణమంటుంది. అందుకని వదిన రికార్డింగ్ అంతా కాయ ఇంటికి చేరినప్పటి నుంచి మళ్లీ విత్తే దాకానే. వాన రాని ఏడాది అసలు మూటలే లేవు. ఖాళీ సంచుల్లో కాయల పొట్టు కుక్కి, తనే వాటిని గోడల వెంట పేర్చుకుంది. "ఊరంతా పంట పోయి ఏడుస్తాంటే నీకు పొట్టు మూటల పిచ్చేంది" అని అన్న అరిచాడు. వదిన గుసగుసగా ఏదో చెప్పింది. అన్నకు వినపడలేదు, అడగనూ లేదు.

ఆమెకు నేను తెచ్చి ఇచ్చింది పాట పాడే సాఫ్ట్‌వేర్. స్వరం ఒక్కొక్కటే తెర మీద గీసి, దాని కింద మాట ముక్క ఇంగ్లీషులో టైపు చేస్తే, లోపలున్న ఆడగొంతు ఆ స్వరంలో ఆ ముక్క పాడుతుంది. ఎవరో ఇంగ్లీషావిడ గొంతు. తెలుగు పలికిస్తే తెలుగు కొత్తగా నేర్చుకున్న మిషనరీ అమ్మలా పలికేది. వదిన ఆమెకు దొరసాని అని పేరు పెట్టింది. ఒక్క పల్లవి దొరసాని నోట సరిగా పలికించడానికి పది రోజులు పట్టింది. వంట ముగించుకొని, మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపూ మౌస్ పట్టుకొని కూర్చునేది.

పది రోజుల తరువాత విని, "ఏమప్పా, ఈ యమ్మ ఊపిరే తీసుకోదా? ఇంతసేపు యెట్ల పాడతాంది, సచ్చిపోదూ" అని అడిగింది.

నేను నవ్వాను. మిషన్‌కు ఊపిరెందుకు వదినా అన్నాను. ఆమె నవ్వలేదు. మరుసటి రోజు మైకు ముందు కూర్చొని పాట మొత్తం పాడింది. గొంతు లేదు కదా, గాలే. రాగం లేదు, మాట లేదు, చరణం తరువాత చరణం ఉత్త గాలితో పాడింది. తరువాత ఆ రికార్డింగ్‌లో గాలి పాటంతా కోసి పారేసి, పంక్తికీ పంక్తికీ నడుమ తను తీసుకున్న ఊపిరి మాత్రం ఉంచుకుంది. వాటిని విడిగా వేసుకోగల వేరే ట్రాక్ మీద, దొరసాని పంక్తుల మధ్య, ఎక్కడివి అక్కడ అమర్చింది. ఉత్తగా ఊపిరి తీసి రికార్డు చేస్తే సరిపోదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. పొడుగు పంక్తికి ముందు మనిషి తీసుకునే ఊపిరి వేరు, పొట్టి పంక్తికి ముందుది వేరు, పాడితేనే సరైన ఊపిరి వస్తుంది అని ఆమె లెక్క. ప్రతి పాటకూ అట్లాగే చేసింది. అంటే ప్రతి పాటా ఆమె మొదటి నుంచి చివరి దాకా పాడింది. ఫ్లెక్సీ కట్టించిన పెద్దమనుషులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

ఊపిరి కలిశాక ఆ పాట విని, మళ్లీ మొదటి నుంచి వేయమన్నాను. అదే దొరసాని, అదే వంకర తెలుగు. కానీ ఎవరో మనిషి మన ముందు కూర్చొని, ఊపిరి పట్టి, పాడుతున్నట్టే ఉంది.

ప్లగిన్ల సంగతి కూడా చెప్పాలి, నా తెలివితక్కువతనం బయటపడేది అక్కడే. ప్లగిన్ అంటే పాట మీద అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాం. ఒకటి గొంతుకు గుడిలో పాడిన మోత తెస్తుంది, ఒకటి చెవిని కోసే పదును తగ్గిస్తుంది, ఒకటి వెనక రొద తీసేస్తుంది. నేను తగుదునమ్మా అని రెండు సీడీల నిండా వందల ప్లగిన్లు తెచ్చి ఎక్కించాను. కంప్యూటర్ తెరుచుకోవడానికే వదిన అంట్లు తోముకొని వచ్చేంత సేపు పట్టేది. నెల తిరిగేసరికి అన్నీ తీసేసింది, నాలుగు మిగిల్చింది. ఆ నాలుగింటికీ తన పేర్లు పెట్టి, ఏది ఏ పాటకు ఎంత వేసిందో ఒక నోటుబుక్కులో రాసుకుంది. మోతది, మెత్తంది, ఇట్లాంటి పేర్లు. కొత్తది ఒకటి రావాలంటే పాతది ఒకటి పోవాలి. "అది ఏం పని చేస్తాదో తెలీకుండా ఇంట్లో పెట్టుకుంటామా? పనిమనిషినైనా అడిగి పెట్టుకుంటాం కదప్పా" అనేది. నా చదువులో సగం కూడా లేని మనిషికి ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందా అనుకునేవాణ్ణి. చదువుకున్న నాకు అది రాలేదు.

ఆ ఏడు మా ఊరి తేరుకు వదిన పాట మైకులో వేయడానికి కమిటీ పెద్దాయన ఒప్పుకున్నాడు. ఒప్పించింది నేనే, చెవిలో ఇల్లు కట్టుకొని పోరి ఒప్పించాను. వదిన నాలుగు నెలలు ఆ ఒక్క పాట మీద కూర్చుంది. ముగిశాక ఫైళ్లు నాకు ఇచ్చి, షాపులో సీడీ రాయించమంది. "ఏం కలపొద్దు, ఏం తీయొద్దు. ఉన్నింది ఉన్నట్ల రాయి" అంది. ఆ మాట అన్న చోటు, ఆమె చేతికి అంటిన పిండి, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి.

నేను వినలేదు. షాపులో రొద తీసే కొత్త ప్లగిన్ వచ్చింది. ఒక మోతాదు కంటే తక్కువున్న శబ్దం ఏదైనా దానంతట అదే మాయం చేస్తుంది. వదిన పాటకు కాస్త మెరుగు పెడదామని దాన్ని మొత్తం మీద వేశాను. పాట అద్దంలా అయింది. తీసేసిన రొదలో ఏముందో వినాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఊపిరి చిన్న శబ్దం. ఒక్కటి కూడా మిగల్లేదు.

తేరు కదిలే ముందు సీడీ వేశారు. వదిన ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంది. కొత్త చీర. పల్లవి అయ్యి మొదటి చరణం వచ్చేసరికి ఆమె ముఖం నా వైపు తిరిగింది. అప్పుడు నాకు వినపడింది, ఏం లేదో. చుట్టూ జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మైకువాడి దగ్గరికి పోయి, "ఏమప్పా, ఇది మనిషి పాడినట్ల ఉండాదా? దేవుడు తేరెక్కినాక మిషన్ పాట ఏంది, తీసేయ్" అన్నాడు. చరణం నడుమ పాట తెగిపోయింది. ఇంకేదో క్యాసెట్ పెట్టారు. జనం గోవిందా అన్నారు, తేరు కదిలింది.

ఇంటికి వచ్చాక వదిన నాకు అన్నం పెట్టింది. పెట్టి, ఎదురుగా కూర్చొని, "నేను పాడిందంతా తీసేసినావు కదప్పా. దొరసానిని మాత్రం బాగా తుడిచి పెట్టినావు" అంది.

అంతే. తిట్టలేదు. ఆ విషయంలో నాకు ఆమె మీదా కోపమే. నాలుగు తిట్టి ఉంటే నేను ఎక్కడో ఒకచోట బయటపడేవాణ్ణి. ఆ తరువాత కూడా ఆమె పాటలు చేస్తూనే ఉంది, కాయ ఇంటికి వచ్చినప్పుడల్లా. నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. నేనేమో ఆ పెద్దాయనను, కమిటీని, ఊరిని కనపడిన ప్రతివాడి దగ్గరా దుమ్మెత్తి పోశాను. మిషన్ పాట అంటారా, వీళ్లకేం తెలుసు అని. దాన్ని మిషన్ పాట చేసింది నేనేనని ఒక్కరికీ చెప్పలేదు. అన్నకు కూడా.

పదకొండో రోజు దివసాల నాడు, భోజనాలకు ముందు, పెద్దాయన నలుగురిలో లేచి, "ఆ తల్లి ఒగప్పుడు చానా బాగ పాడేది. గొంతు పోయినాక పాపం మానుకునె" అన్నాడు. నా వల్ల కాలేదు. మానుకోలేదు, ఆ తేరు పాట ఆమె పాడిందే, అందులో ఆమె ఉన్నదంతా తీసి పారేసింది నేను, మీరు తిట్టింది నా పనిని అని అందరి ముందూ అరిచాను. ఆకుల ముందు కూర్చున్నవాళ్లు తలలు దించుకున్నారు.

అన్న లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "తీసేసింది నువ్వా?" అన్నాడు. అవునన్నాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "ఉండాదా అది?" అన్నాడు.

గదిలోకి పోయాము. ఇన్నేళ్లలో అన్న ఆ గదిలోకి మూట దించడానికి తప్ప రాలేదు. ఆ రోజు నేల మీద కూర్చున్నాడు. పెద్దాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. కంప్యూటర్ పెట్టి ఆమె చేసినది చేసినట్టు పాట వేశాను. పల్లవి దాటాక అన్న చెయ్యెత్తాడు.

"ఆ దొరసానిని నిలుపు. మీ వదినను మాత్రం పెట్టు."

దొరసాని ట్రాక్ ఆపేసి మళ్లీ మొదటి నుంచి వేశాను. గదిలో నిశ్శబ్దం. ఒక ఊపిరి. మళ్లీ నిశ్శబ్దం, ఒక పంక్తి పాడేంత సేపు. మళ్లీ ఊపిరి. పాట పొడుగునా అంతే. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ నడుమ, అది వచ్చేదాకా, అన్న ఊపిరి బిగపట్టుకొని కూర్చున్నాడు.