షోర్వా గిన్నె, ముక్కల పళ్ళెం

ఎనభైల తొలి ఏళ్ళలో, ఒక జూన్ నెల మొదట్లో, పాతబస్తీలోని ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో డైటీషియన్‌గా చేరాను. అప్పటికి చాలామందికి ఆ ఉద్యోగం పేరే తెలియదు. వార్డు ఆయాలు నన్ను "పథ్యం మేడమ్" అనేవారు. హోదాలో నేను స్టాఫ్ నర్సుకు కింద, వంటమనిషికి కొంచెం పైన. ఆ కొంచెం కూడా వంటమనిషి ఒప్పుకునేవాడు కాదు.

విదేశంలో శిక్షణ పొంది వచ్చిన మా సర్జన్‌గారు అక్కడ ఒక కొత్త ఆపరేషన్ మొదలుపెట్టారు. బరువు విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి వచ్చినవారికి జీర్ణకోశాన్ని కోడిగుడ్డంత సంచిగా కుట్టి, చిన్నపేగును దానికి కలిపేవారు. ఆ తర్వాత రోగికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. కాబట్టి ఆ నాలుగింటిలో ముందు పడాల్సింది మాంసకృత్తులు, అంటే ప్రొటీన్. అన్నం, రొట్టె ఆ తర్వాతే. ప్రొటీన్ చాలకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. మొదట నీళ్ళ పదార్థాలు, పిమ్మట మెత్తనివి, చివరికి గట్టివి. ఈ క్రమాన్ని చార్టుగా రాసివ్వడం నా పని.

మా రెండో కేసు జైనబ్. ముప్పై ఆరేళ్ళు, కాపురం కిషన్‌బాగ్‌లో. పత్తర్‌గట్టి దుకాణాలకు పెళ్ళిబట్టల మీద జరీ పని చేసిచ్చేది. నేల మీద కూర్చుని, చెక్క చట్రానికి బిగించిన బట్ట మీద వంగి కుట్టాల్సిన పని అది. బరువుకు మోకాళ్ళు పోయి, మూడేళ్ళుగా ఆమె చట్రం ముందు కూర్చోలేదు. మళ్ళీ కూర్చోవాలన్న ఒక్క ఆశతోనే ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

రెండు నెలల్లో బరువైతే తగ్గింది. దాంతోపాటు పాదాలు ఉబ్బాయి, దువ్వితే కుచ్చులుగా జుట్టు ఊడింది, లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. రక్తపరీక్షలో ప్రొటీన్ బాగా పడిపోయింది. సర్జన్‌గారు నన్ను పిలిచి, మూడు వారాల్లో మెరుగు కనిపించకపోతే కడుపు మళ్ళీ తెరిచి పేగును ఎప్పటిలా కలిపేస్తానన్నారు. అంటే పాత బరువూ పాత మోకాళ్ళ నొప్పీ మళ్ళీ ఆమె నెత్తినే.

నాకు ఒళ్ళు మండింది. గుడ్డు వాసన ఆమెకు పడదంటే, రోజుకు మూడు పూటలా మటన్ షోర్వా రాసిచ్చాను. పుస్తకంలో మాంసానికి ఉన్న అంకెలన్నీ కూడి చూసుకున్నాను, లెక్క సరిపోయింది. కాబట్టి తప్పు ఆమెదే అయివుండాలి. ఎదురుగా కూర్చోబెట్టి, పెళ్ళిళ్ళలో పెట్టే తీపి, ఖుబానీ కా మీఠా, ఎన్నిసార్లు తిన్నావని అడిగాను. పోలీసు అడిగినట్టే అడిగాను.

"మీరు కాయితంల ఏది రాసిన్రో గదే తాగిన మేడమ్. షాదీలకు పోవుడే బంద్ వెట్టిన" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చార్టు మడిచి బురఖా జేబులో పెట్టుకుంది.

రోగి ఇంటికి వెళ్ళడం నా ఉద్యోగ నిబంధనల్లో లేదు. ఆమె దొంగతిండి కనిపెట్టాలన్న పంతంతోనే సర్జన్‌గారి అనుమతి అడిగి, మర్నాడు మధ్యాహ్నం రిక్షాలో కిషన్‌బాగ్ వెళ్ళాను.

వంటింట్లో జైనబ్ అత్తగారు షోర్వా దింపుతోంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి తన పని తాను చేసుకుపోయింది. పలచటి గుడ్డలో షోర్వా వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి, తేటనీళ్ళను గిన్నెలో పోసి కోడలి ముందు పెట్టింది. గుడ్డలో మిగిలిన ముక్కలను పళ్ళెంలోకి దులిపి మనవల వైపు జరిపింది.

ముక్కలు ఆమెకు పెట్టరా అని అడిగాను.

"బీమార్ మనిషికి ముక్క పెడ్తరా బిడ్డా? తాకత్ అంతా షోర్వల్నే దిగుతది. కోసి కుట్టిన కడుపు, ముక్క భారమైతది" అంది ఆ పెద్దావిడ. అరవై రోజులుగా ఆమె ఒక్క పూట కూడా తప్పలేదు. గుడ్డ కూడా రోజూ ఉడకబెట్టేదట.

నేను మాంసం ముట్టని ఇంట్లో పుట్టాను. షోర్వా అంటే ముక్కలు కూడా తినే కూరేనని అనుకున్నాను. ఆ బస్తీలో జబ్బుమనిషికి నీళ్ళు, ఆరోగ్యవంతులకు ముక్కలు. ప్రొటీన్ ఉండేదేమో ముక్కల్లో, నీళ్ళలోకి దిగేది నామమాత్రం. మాంసానికి ఉన్న ప్రొటీనంతా నీళ్ళగిన్నెకు అంటగట్టి లెక్క సరిపోయిందనుకున్నది నేను. జైనబ్ నా చార్టు ప్రకారమే పస్తులుంది. అక్కడ కూర్చున్నంతసేపూ సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ముక్కలను మెత్తగా నూరి, చెంచాడు చొప్పున, అన్నిటికంటే ముందు కోడలికే పెట్టాలని చెప్పాను. పూటపూటా గట్టి పెరుగు, చిక్కటి పప్పు. షోర్వా పిల్లలకు.

"పోరగాండ్లు నీళ్ళు తాగుడు, కోడలు ముక్కలు తినుడు... నలుగురు ఏమంటరు?" అంది అత్తగారు. జైనబ్ తలుపు దగ్గర నిలబడి వింటోంది. అత్త ఆమె ఉబ్బిన పాదాల వైపు చూసి, పళ్ళెం వెనక్కి లాక్కుని రోలు కడిగింది.

మూడో వారం పరీక్షలో ప్రొటీన్ పెరిగింది. పాదాల వాపు దిగింది. సర్జన్‌గారు రెండో ఆపరేషన్ మాట ఎత్తలేదు. చలికాలంలో జైనబ్ చట్రం ముందు కూర్చుందని తెలిసింది, పూటకు గంటసేపు.

తప్పు నాదేనని సర్జన్‌గారికి కిషన్‌బాగ్ నుంచి వచ్చిన రోజే రాసిచ్చాను. జైనబ్‌కు చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. ఆమె విని, "మీరు వండరు గద మేడమ్, మీకెట్ల ఎరుకైతది" అంది. దెప్పడానికి అనలేదు, ఉన్నమాట అంది.

ఆ నెలలోనే నర్సింగ్ హోమ్ వంటమనిషి దగ్గర మాంసం కడగడం, ఉడికించడం, నూరడం నేర్చుకున్నాను. నేను పైనా తను పైనా అన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రుచి చూడమంటే మాత్రం చూడలేదు. రిటైరయ్యేదాకా నా చేత్తో వండి చూడని పదార్థాన్ని ఎవరి చార్టులోనూ రాయలేదు. షోర్వా రాయాల్సివచ్చినప్పుడల్లా ముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని: మీ ఇంట్లో ముక్కలు ఎవరు తింటారు?