తలుపు లేకుంట జేసిన పసుపు డ్రమ్ము

మొన్న మా ఇంట్ల రెండు క్వింటాళ్ల పసుపును నేను జైల్ల ఏసిన. తాళం చెవి పోయిన జైలు గాదు, అసలు తలుపే లేని జైలు. నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట మొత్తం ఇనుండ్రి.

మీకు ఎరుకే గద, నేను సౌదీల, దమ్మాంల పదకొండేండ్లు చేసొచ్చిన. వెల్డర్ని అని ఆర్మూర్ల అందరికి చెప్పుకున్న. మనకాడ రాడ్ వెట్టి కొట్టుడు, జరసేపట్ల రాడ్ అయిపోవుడు, మల్ల ఇంకోటి పెట్టుడు. అక్కడి షెడ్డుల గట్ల గాదు. గన్ను బటన్ వత్తితె సన్నటి వైరు దానంతటదే వస్తనే ఉంటది, కరుగుతనే ఉంటది. గా సప్పుడు నూనెల గారెలు గోలినట్టు ఒక్క తీరుగ ఉంటది. ఇంటికొచ్చి నాలుగేండ్లయింది. ఇప్పటికీ ఎవరింట్లనన్న గారెలు చేస్తుంటె నేను గోడ పక్కన నిలవడి ఆ సప్పుడు ఇంట.

ఇంట్ల నాదొక చిన్న రాడ్ మిషన్ ఉన్నది. దాన్నే వైరు మిషన్ చేద్దామని కూసున్న. ఫోన్ల వీడియోలు సూసి, పాత జీపు వైపర్ మోటరు తెచ్చిన. దానికొక బ్యాటరీ, వైరును ముందుకు నూకెతందుకు రెండు చిన్న చక్రాలు, చేతిల పట్టెతందుకు పైపు, పైపు మీద స్విచ్. గ్యాసు అక్కర లేని వైరు, లోపటనే మందు ఉంటది. రాడ్ మిషన్ కరెంటు గీ వైరుకు సరింగ పడదని బస్టాండు కాడి మెకానిక్ చెప్పిండు. నేను ఇనలే. కల కంటున్నోనికి చెవులు యాడ పనిచేస్తయి?

ఇగ పసుపు ముచ్చట. ఉడకవెట్టుడు, ఎండవెట్టుడు అయిపోయింది, పాలిష్ ఒక్కటే మిగిలింది. అంకాపూర్ల ఉండే గంగాధర్ బావ, అంటే మా ఇంటామె సుజాత వాళ్ల అన్న, తన డ్రమ్ము ఒక్కరోజుకు ఇచ్చిండు. అండ్ల కొమ్ములు పోసి మోటరుతోని తిప్పితె పైపొట్టంత రాలి నున్నగైతయి. నాలుగింటికి ట్రాక్టర్ తీస్కొని వస్త, అప్పటికి డ్రమ్ము ఖాళీ ఉండాలె అన్నడు. పోయేటప్పుడు ఇంకో మాట గూడ అన్నడు. కొత్తగ పెద్ద షెడ్డు ఏస్తుండట, వెల్డింగ్ పని మొత్తం నాకే ఇస్తడట. ఇంట్ల గల్ఫు వెల్డర్ ఉండంగ పరాయోళ్లెందుకు అన్నడు. నాకు సంబురమైంది, జర గుబులు గూడ అయింది. ఆ గుబులు ఎందుకో తర్వాత చెప్త.

పగటీలి ఒంటిగంటకు తిరుగుతున్న డ్రమ్ము తలుపు బందు, అదే కీలు, ఇరిగింది. మోటరు బంద్ చేసి తలుపును తాడుతోని కట్టినం. కొమ్ములన్ని తీసి డ్రమ్మును షాపుకు తీస్కపో అన్నది సుజాత. ఇంట్ల వెల్డర్ను పెట్టుకొని షాపుకు ఎందుకు, ఇరిగింది బయటి బందే గద, కొమ్ములు అండ్లనే ఉండనియ్ అన్న. రేకు పల్చటిది, రాడ్ వెడితె బొక్క పడ్తది. వైరుకు ఇంతకన్న మంచి మోక రాదనిపిచ్చింది.

కొత్త మిషన్‌ను పూజ చెయ్యకుంట ముట్టద్దన్నది ఆమె. ఆర్మూర్ల పసుపుకు కరువా? గిన్నెడు పసుపు చిక్కగ కలిపి మోటరుకు, బ్యాటరీకి, ఆఖరికి ఆ రెండు చక్రాలకు గూడ నిండుగ పూసి బొట్లు పెట్టింది. మీదికెల్లి కొబ్బరినీళ్లు. స్విచ్ ఏస్తె మోటరు తిరుగుతుంది గని వైరు మాత్రం కదుల్తలేదు. పసుపుకు చక్రాలు జారుతున్నయి. లుంగి కొసతోని తుడిసి, స్ప్రింగ్ బిగిచ్చి, ఎండల ఆరవెట్టి మల్ల ఏసిన.

వచ్చింది. వైరు కరుగుతుంటె గదే సప్పుడు, గారెలు గోలినట్టు.

మొఖానికి షీల్డ్ పెట్టుకుంటె లోకం కనవడది, ఒక్క ఎలుగు చుక్క తప్ప. ఆ చుక్క మెల్లగ నడుస్తుంటె నేను దాని ఎంబడి పోయిన. చేతులు నాయి గానట్టే ఉన్నయి. పసుపు ఏగిన కమ్మటి వాసన, ఎనక దమ్మాం సముద్రం గాలి, తెల్లారి షిఫ్టు. బందు అతికిన సంగతి నాకు ఎరుకే. ఆపబుద్ధి కాలే. ఒక మూల వచ్చింది, చెయ్యి దానంతటదే మళ్లింది. ఇంకో మూల, ఇంకో మూల. ఎవరో ఈపు మీద చరుస్తుంటె తోటోడు చాయ్‌కి పిలుస్తుండు అనుకున్న.

షీల్డ్ తీస్తె సుజాత.

"తలుపు యాడ వోయింది?" అన్నది.

సూసిన. నాలుగు దిక్కుల అతికిచ్చిన. గొళ్లెం గూడ కలిసిపోయింది. అతుకు మాత్రం గీత గీసినట్టు సక్కగున్నది. నిజం చెప్పాలంటె మస్తు సంతోషమైంది. దాని ఎనకనే భయమైంది. సుత్తెతోని కొట్టిన, కదలలే. గ్రైండర్‌కు ప్లగ్గు పెడుతుంటెనే వాకిట్ల ట్రాక్టర్ ఆగింది. బావ మూడున్నరకే వచ్చిండు.

ఆయన డ్రమ్ము చుట్టు తిరిగిండు. చల్లారిన అతుకు మీద వేలు పెట్టి మెల్లగ రాసుకుంట పోయిండు. తలుపు మాట గూడ అడుగలే.

"దమ్మాం పని అంటె గిది బావా. నా షెడ్డు కప్పు గూడ నువ్వే అతికియ్యాలె, పిల్లలు అందరు దాని కిందనే తిరుగుతరు."

ఆ పిల్లల మాటకు నా నోరు ఆగలే.

"బావా, దమ్మాంల నేను ఒక్కనాడు గూడ గన్ను పట్టలే. హెల్పర్ని. పదకొండేండ్లు వైరు చుట్టలు మోసిన, అతికిచ్చేటప్పుడు ఇనుము కదలకుంట పట్టుకొని నిలవడ్డ. గన్నుతోని అతికిచ్చింది గీ డ్రమ్మే మొదటిది."

సుజాత, బందు ఇరిగినప్పుడు కింద రాలిన కొమ్ములు చాటల ఏరుకుంటనే అన్నది, "నాకు ఎప్పుడో ఎరుకే. నువ్వు పంపిన ఒక్క ఫోటోల గూడ గన్ను నీ చేతిల లేదు."

"మరి అడుగకపోతివి?"

"నువ్వే చెప్తవని సూసిన."

సిగ్గుతోని తల దించుకున్న.

బావ గ్రైండర్ గుంజుకున్నడు. ఆయన కోస్తుంటె డ్రమ్ము ఊగుతుంది, జర పట్టుకో అన్నడు. రెండు చేతులతోని పట్టుకున్న. నిప్పులు మీద పడుతున్నా డ్రమ్మును ఇసుమంత కదలనియ్యలే. తలుపు ఊడింది. మూలకున్న నాలుగు దోసిళ్ల కొమ్ములు నల్లగయినయి, మిగిలినయన్ని బంగారం లెక్కనే ఉన్నయి.

బావ గ్రైండర్ కింద పెట్టి నా దిక్కు సూసి అన్నడు, "హెల్పర్ అంటె నీ అసొంటోడు ఉండాలె బావా. వెల్డర్‌ను నేను ఎతుక్కుంట గని, నువ్వు సోమారం సంది షెడ్డు కాడికి రా."

పదకొండేండ్ల నౌకరిల రాని సర్టిఫికెట్, నా సొంత వాకిట్లనే వచ్చింది.