బూట్ల వాంగ్మూలం

మా మామయ్యకు పాత చెప్పులు దానం చేయడం అంత తేలిక కాదు. ఊరికే ఇస్తే పుచ్చుకునేవాడు కాదు. వాటి చరిత్ర యావత్తూ విన్నవించుకోవాలి.

ఆయన కోర్టులో గుమస్తా. ఉద్యోగమంతా ఇతరులు వేసే ప్రశ్నలు రాసుకోవడంతోనే సరిపోయింది. రిటైరయ్యాక తానే వేయడం మొదలుపెట్టాడు. వరండాలో ఒక బల్ల, దాని మీద బ్రష్షు, పాలిషు, జిగురు సీసా. పనికొచ్చే జోళ్ళను బాగుచేయించి లేనివాళ్ళకు చేరవేసేవాడు. పనికిరానివి రబ్బరు పొడి చేసే కార్ఖానాకు వెళ్ళేవి. అంతకుముందు విచారణ తప్పదు.

"ఎక్కడెక్కడ తిరిగాయండీ ఇవి?"

"ఆఫీసుకండీ."

"ఆఫీసుకేనా? బొటనవేలి దగ్గర ఇంత గుంట పడింది. ఎవరికోసమో నిలబడి ఎదురుచూసిన లక్షణం."

"బస్సు కోసమండీ బాబూ."

"ఏ బస్సు?"

దాంతో కొందరు సంచి గేటులోకి గిరాటేసి పరుగు లంకించుకునేవారు. మామయ్య వెంటపడేవాడు. దొంగల్ని తరిమినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. దాతల్ని తరిమినవాడు మాత్రం ఈయనొక్కడే.

"చెప్పులు ఉంచుకుని మనుషుల్ని వదిలేయండి," అని అత్తయ్య మొత్తుకునేది.

మా బాబాయి పోయాక ఆయన బూట్లు మా ఇంటి గుమ్మం పక్కనే ఉండిపోయాయి. పిన్ని రోజూ వాటి దుమ్ము దులిపేది. ఆమె బాధపడుతుందని మేము బాబాయి ఊసెత్తేవాళ్ళం కాదు. మేము బాధపడతామని ఆమె కూడా ఎత్తేది కాదు. ఇల్లంతా మర్యాదతో ఊపిరాడకుండా ఉండేది.

ఒకరోజు ఆ బూట్లు సంచిలో పెట్టుకుని, "మీ మామయ్యకి ఇచ్చేసొస్తాను," అంది పిన్ని. ఆమెకంటే ముందే పరుగెత్తి మామయ్యను బతిమాలాను.

"ఈ ఒక్కసారికి ఏమీ అడక్కు మామయ్యా. పుచ్చుకుని ఊరుకో."

"అడక్కుండా ఎలా పుచ్చుకుంటానురా?"

"పిన్ని తట్టుకోలేదు."

అంతలో పిన్ని రానే వచ్చింది. మామయ్య బూట్లు అందుకుని, తిరగేసి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఎడమ మడమ బాగా అరిగింది చెల్లెమ్మా. మనిషి అటు ఒరిగి నడిచేవాడా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

పిన్ని ఆ అరిగిన మడమను వేలితో తడిమింది.

"నేను ఎడమ పక్కన నడిచేదాన్ని అన్నయ్యగారూ. ఆయనేమో తాటిచెట్టంత మనిషి. నా గొంతు చూస్తే ఇంత. నా మాట వినబడాలని ఇటు ఒరిగేవారు."

"అంత ఒరిగి వినాల్సిన సంగతులేంటమ్మా?"

"కూరగాయల ధరలు," అని నవ్వేసింది పిన్ని.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఇక ఆగలేదు. ఆయన నడక, ఆయన ఈల, వానలో గొడుగంతా ఈమెకే పట్టి తాను తడిసిన సంగతి, అన్నీ సాయంత్రందాకా చెప్పుకుపోయింది. మామయ్య మధ్యమధ్య "ఏ వాన?" అని అందించేవాడు.

లేచేటప్పుడు కుడి బూటు బల్లమీద ఉంచి, ఎడమది మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"దీని సంగతులు ఇంకా ఉన్నాయి అన్నయ్యగారూ. రేపు తెస్తాను."

"తొందరేం లేదమ్మా. జోడు కలిస్తేగానీ దాన్ని ఎవరికీ ఇవ్వలేను," అన్నాడు మామయ్య, తీర్పు చదువుతున్నంత గంభీరంగా.

పిన్ని మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా, బూటు ఇంట్లో మరిచిపోయానంటూ కుర్చీ లాక్కుని కూర్చునేది.