లోపల అనుకోండి

ఆస్పత్రిలో ఆమెని కదలకమ్మ అంటారు. తల స్కాన్ తీసే గదిలో ఇరవై రెండేళ్లుగా "కదలకండి, కదలకండి" అని అరిచిన ఫలితం. ఆ పేరు పెట్టిన ఆయా ఎప్పుడో రిటైరైంది, పేరు మాత్రం ఉద్యోగంలోనే ఉంది. కోపం కూడా ఆమెకి దండిగానే ఉంది. జేబులో తాళంచెవులతో ఆ అయస్కాంతపు మిషన్ దగ్గరికొచ్చినవాడు, పెద్ద డాక్టరైనా సరే, తిట్లు తినకుండా బయటపడలేదు.

ఆపరేషన్‌కి ముందు తలలో మాట ఎక్కడుందో వెతకడం ఆమె పని. ఎడమా కుడీ తారుమారు కాకుండా కుడి కణతకి ఒక మందుగోళీ అతికిస్తుంది. బొమ్మలో అది తెల్లచుక్కలా కనబడుతుంది. మనిషిని మిషన్‌లోకి పంపి, "క తో మొదలయ్యే మాటలు లోపల అనుకోండి, పెదవులు కదపకండి" అంటుంది. మాట పుట్టే చోటు తెరమీద ఎర్రబడుతుంది. చాలామందికి ఎడమపక్క, కొందరికి కుడిపక్క, ఒక లారీ డ్రైవరుకి రెండు పక్కలా. "మొహాలే ఒకలా ఉండవు, తలకాయలు ఉంటాయా?" అనేది.

మొన్న చలికాలంలో ఆ బల్లమీద ఆమె సొంత అక్క పడుకుంది. ఎడమ కణత లోపల గడ్డ. మొత్తం తీసేస్తే బతుకుతుంది, కొంచెం వదిలినా ఏడాది కష్టం అన్నాడు సర్జన్. మాట దానికి ఎంత దూరంలో ఉందో చెల్లెలే చూసి చెప్పాలి.

మందుగోళీ అతికిస్తుంటే అక్క అడిగింది. "ఎవరి గొంతుతో అనుకోవాలే?"

"అదేం ప్రశ్న అక్కా? నీ గొంతుతోనే."

"లోపల నా గొంతు ఎక్కడిది? అమ్మ గొంతే కదా ఎప్పుడూ."

అమ్మ పోయేనాటికి అక్కకి పన్నెండేళ్లు, ఈమెకి రెండు. కదలకమ్మ నవ్వబోయి ఆగింది. "లోపల గొంతేమిటి?"

"నీకు వినబడదా? ఏదైనా అనుకున్నప్పుడు?"

ఆమె కళ్లు మూసుకుని క తో మాటలు వెతికింది. మాటలు తెలుస్తున్నాయి, పలికేవాళ్లే లేరు. లోపల అనుకోవడమంటే ఊరికే మాటవరసకి అంటారని ఇన్నేళ్లూ నమ్మింది. మిగతావాళ్ల తలల్లో ఎవరో మాట్లాడుతుంటారని, తన తలలో ఎవరూ లేరని యాభై రెండో ఏట తెలిసింది. అక్కని మిషన్‌లోకి పంపింది.

తెరమీద అక్క మాటలు గడ్డకి వేలెడు దూరంలో వెలిగాయి. హమ్మయ్య అనుకుని, "ఇక ఆపు అక్కా, ఏమీ అనుకోకు" అంది మైకులో. ఆ చోటు ఆరిపోయింది. కానీ గడ్డకి ఆనుకుని ఇంకో చోటు వెలుగుతూనే ఉంది. రెండోసారీ అంతే. మిషన్‌లోంచి బయటికి లాగి గద్దించింది. "ఆపమన్నానా లేదా?"

"నేను ఆపేశానే. అమ్మే ఆపడం లేదు."

కదలకమ్మకి నిజం దాచేద్దామా అనిపించింది. దాచలేకపోయింది.

"నీ మాటకేం కాదు. కానీ గడ్డతో పాటు... అది పోతుందక్కా."

అక్క బల్లమీద లేచి కూర్చుంది. "అంటే నేనూ నీలా అయిపోతానా?"

"నాలా అయితే ఏం? నేను బతకడం లేదా?" అని కసిరింది కదలకమ్మ. వెంటనే అక్క కణతకున్న మందుగోళీ మెల్లగా ఊడదీస్తూ అంది, "నాకు అమ్మ ఎటూ తెలీదు. నువ్వు కావాలి."

ఆపరేషన్ కాగితం మీద అక్క సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయిన మూడోరోజు పొద్దున అక్క చక్కగా మాట్లాడింది. పిల్లల పేర్లు చెప్పింది, మంచినీళ్లడిగింది, నర్సుతో హాస్యమాడింది. సర్జన్ మొహం వెలిగిపోయింది. అందరూ వెళ్లాక చెల్లెల్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"పిలిచి చూశానే. ఎవరూ పలకడం లేదు." ఆమె కళ్లు గదంతా తిరిగాయి, తప్పిపోయిన పిల్లలా. తర్వాత చెల్లెలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇంత నిశ్శబ్దంలో యాభై ఏళ్లు ఒక్కదానివే ఎలా ఉన్నావే తల్లీ?"

కదలకమ్మ చెప్పులు విడిచి, ఆ ఇరుకు మంచంమీదే అక్క పక్కన సర్దుకుని పడుకుంది.